పరీక్ష "లేదు" అంటే జబ్బు లేనట్టేనా?

పదో తరగతి చదివే ఒక కుర్రాడున్నాడనుకోండి. కబడ్డీలో మంచి ఆటగాడు. కూతకు వెళ్లాడంటే ఎదుటి జట్టులో ఒకరినైనా తాకి గాని తిరిగి రాడు. జిల్లా పోటీలు ఇంకో వారం ఉన్నాయనగా వాడికి జ్వరం పట్టుకుంది. గొంతునొప్పితో మింగుడు పడదు. మెడకు రెండు పక్కలా బిళ్లలు కట్టాయి. మంచం మీద నుంచి లేవాలంటేనే నీరసం.

ఐదో రోజున తండ్రి వాణ్ణి డాక్టరుగారి దగ్గరికి తీసుకువెళ్లాడు. ఆయన నోరు తెరిపించి టార్చిలైటు వేసి చూశారు. టాన్సిల్స్ వాచి ఉన్నాయి. వాటి మీద తెల్లటి పూత కనిపించింది. మెడ తడిమి చూశారు. తరవాత కుర్రాణ్ణి పడుకోబెట్టి, గట్టిగా ఊపిరి పీల్చమని, ఎడమవైపు పక్కటెముకల కింద వేళ్లతో మెల్లగా తాకి చూశారు. మామూలుగా చేతికి అందని ప్లీహం అంచు ఆయన వేళ్లకు తగిలింది.

"మోనో అని అనుమానంగా ఉంది. రక్తపరీక్ష చేయిద్దాం" అన్నారు.

సాయంత్రానికి కాగితం వచ్చింది. దాని మీద "నెగెటివ్" అని ఉంది. అంటే "లేదు" అన్నమాట. తండ్రి ముఖం విప్పారింది.

"అయితే ఆ జబ్బు కాదు కదండీ! మావాణ్ణి పోటీలకు పంపవచ్చా డాక్టరుగారూ?"

"వద్దండీ. పరీక్ష లేదంది. నేను ఇంకా లేదనడం లేదు" అన్నారు డాక్టరుగారు.

ఇదేం మాట? తాను చేయించిన పరీక్షను తానే నమ్మకపోతే ఇక పరీక్ష చేయించడం ఎందుకు? ఈ సందేహం మీకూ వచ్చే ఉంటుంది. దీనికి జవాబు దొరకాలంటే ముందు ఆ జబ్బేమిటో, ఆ పరీక్ష అసలు దేనికోసం వెతుకుతుందో తెలుసుకోవాలి.

బిళ్లలు కట్టే జ్వరం

1889లో జర్మనీలో ఎమిల్ ఫైఫర్ అనే వైద్యుడు ఒక జ్వరాన్ని వర్ణించాడు. జ్వరంతోబాటు మెడలోని గ్రంథులు వాచేవి. అందుచేత దానికి "గ్రంథి జ్వరం" అని పేరు పెట్టాడు. 1920లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో, జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో, స్ప్రంట్, ఇవాన్స్ అనే ఇద్దరు వైద్యులు ఇటువంటి జ్వరం వచ్చిన ఆరుగురి రక్తాన్ని సూక్ష్మదర్శినిలో పరిశీలించారు. తెల్లకణాలు మామూలుకంటె ఎక్కువగా ఉన్నాయి. వాటిలోనూ ఒకే కేంద్రకం గల కణాలు మరీ ఎక్కువగా ఉన్నాయి. చూడగానే ఇది రక్తకాన్సరేమో అని భయం పుట్టించే దృశ్యం అది. కాని ఆ ఆరుగురూ కోలుకున్నారు! కాబట్టి ఇది కాన్సర్ కాదు, ఏదో అంటు జబ్బు. దీనికి వారు "ఇన్‌ఫెక్షస్ మోనోన్యూక్లియోసిస్" అని పేరు పెట్టారు. "మోనో" అంటే ఒకటి, "న్యూక్లియస్" అంటే కేంద్రకం. ఒకే కేంద్రకం గల కణాలు పెరిగే అంటు జబ్బు అని ఈ పెద్ద పేరుకు అర్థం. మనం పొట్టిగా "మోనో" అనుకుందాం.

ఈ జబ్బు ముఖ్యంగా ఉమ్మి ద్వారా సోకుతుంది. ఒకరి ఎంగిలి గ్లాసుతో ఇంకొకరు నీళ్లు తాగితే చాలు, సోకే అవకాశం ఉంది. సోకిన వెంటనే జ్వరం రాదు. నాలుగు నుంచి ఆరు వారాలు గడిచాక గాని జబ్బు పైకి తేలదు. అందుకే ఎవరి దగ్గర నుంచి అంటుకుందో చెప్పడం చాలాసార్లు సాధ్యం కాదు.

ఇక్కడొక చిత్రం ఉంది. ప్రపంచంలో పెద్దవాళ్లను పరీక్షిస్తే నూటికి 90 మందికి పైగా ఎప్పుడో ఒకప్పుడు ఈ అంటు సోకినవాళ్లే! మరి అంతమందికి ఈ జబ్బు వచ్చినట్టు గుర్తులేదేం? పసితనంలో సోకితే సాధారణంగా చిన్న జలుబులాగానో, అసలు ఏమీ తెలియకుండానో పోతుంది. మన దేశంలో ఎక్కువమందికి జరిగేది ఇదే. పసితనంలో సోకకుండా, మీ వయసు వచ్చాక మొదటిసారి సోకితే అప్పుడు జ్వరం, గొంతునొప్పి, బిళ్లలు అన్నీ కలిసి దాడి చేస్తాయి. మన కుర్రాడు అటువంటివాడే కావచ్చు.

గొర్రె కణాల సాక్ష్యం

శరీరంలోకి ఏదైనా సూక్ష్మజీవి ప్రవేశించినప్పుడు మన రక్తంలో దాన్ని పట్టుకునే ప్రత్యేక పదార్థాలు తయారవుతాయి. వీటిని ప్రతిరక్షకాలు అంటారు. యాంటీబాడీలు అన్నా ఇవే. సాధారణంగా ఏ సూక్ష్మజీవికి తగిన ప్రతిరక్షకం ఆ సూక్ష్మజీవినే పట్టుకుంటుంది, తాళంలో దాని చెవి మాత్రమే పట్టినట్టు.

1932లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో జాన్ పాల్, వాల్స్ బన్నెల్ అనే ఇద్దరు వైద్యులకు ఒక వింత కనిపించింది. రక్తాన్ని గడ్డకట్టనిస్తే పైన తేరే లేత పసుపు ద్రవాన్ని సీరం అంటారు. ప్రతిరక్షకాలు ఉండేది ఇందులోనే. మోనో రోగి సీరంలో గొర్రె రక్తపు ఎర్రకణాలను కలిపితే, ఆ కణాలు ఒకదానికొకటి అంటుకుని ముద్దలు కట్టాయి! ఆరోగ్యవంతుల సీరం బాగా పలచబడితే ఈ పని చేయలేదు. మోనో రోగుల సీరం అంత పలచబరిచినా చేసింది.

జబ్బు మనిషికి. ముద్దకట్టింది గొర్రె కణాలు. ఆ రోగికి గొర్రెతో ఏ సంబంధమూ లేదు. ఇలా సొంత శత్రువును గాక, పరాయి ప్రాణి కణాలను పట్టుకునే ప్రతిరక్షకాలకు "హెటిరోఫిల్" ప్రతిరక్షకాలని పేరు. 1960ల మధ్యలో గొర్రె కణాలకు బదులు గుర్రపు కణాలతో గాజు పలక మీద కొద్ది నిమిషాల్లోనే చేసే పరీక్ష కూడా వచ్చింది. సులభం, చౌక. అందువల్ల చాలా దేశాల్లో మోనో అనుమానం రాగానే మొదట చేసే పరీక్ష ఇదే అయింది. మన కుర్రాడికి చేసిందీ ఇదే.

ఇప్పుడు ఒక విషయం జాగ్రత్తగా గమనించండి. ఈ పరీక్ష కనిపెట్టిన 1932 నాటికి మోనోకు కారణమైన సూక్ష్మజీవి ఏదో ప్రపంచంలో ఎవరికీ తెలియదు. ఇంకో 36 ఏళ్లదాకా తెలియలేదు కూడా. అంటే ఈ పరీక్ష సూక్ష్మజీవిని వెతకదు. సూక్ష్మజీవిని పట్టే ప్రతిరక్షకాన్నీ వెతకదు. జబ్బు చేసినప్పుడు శరీరంలో జరిగే గందరగోళంలో, పక్కదారిన పుట్టుకొచ్చే వేరొక ప్రతిరక్షకాన్ని వెతుకుతుంది.

పొగ లేని నిప్పు

"నిప్పు లేనిదే పొగ రాదు" అని మన పెద్దలంటారు. దూరాన కొండ మీద పొగ కనబడితే అక్కడ నిప్పు ఉందని ఊహించవచ్చు. మరి పొగ కనబడకపోతే నిప్పు లేదని చెప్పవచ్చునా? చెప్పకూడదు. దీనికి మన తర్కశాస్త్రంలో పూర్వంనుంచి చెప్పే ఉదాహరణ ఒకటుంది. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుప గుండును చూడండి. దానిలో నిప్పు ఉంది. పొగ మాత్రం లేదు!

మోనోలో హెటిరోఫిల్ ప్రతిరక్షకం పొగవంటిది. లక్షణాలున్న రోగిలో అది కనబడితే జబ్బు ఉందని చాలావరకు నమ్మవచ్చు. కనబడకపోతే జబ్బు లేదని చెప్పలేం. పొగ కనబడకపోవడానికి మూడు కారణాలుంటాయి.

మొదటిది, వేళ. పొయ్యి అంటించగానే పొగ పైకి లేవదు కదా! జ్వరం మొదలైన మొదటి వారంలో పరీక్షిస్తే, నిజంగా మోనో ఉన్న ప్రతి 100 మందిలోనూ సుమారు 25 మందికి "లేదు" అనే వస్తుంది. రెండో వారంలో ఇది 5 నుంచి 10కి, మూడో వారంలో 5కి తగ్గుతుంది.

రెండవది, వయసు. నాలుగేళ్ల లోపు పిల్లల్లో చాలామందికి ఈ ప్రతిరక్షకం తయారే కాదు. వాళ్ల విషయంలో ఈ పరీక్ష ఇంచుమించు పనికిరాదనే చెప్పాలి.

మూడవది, మనిషి తీరు. పెద్దవాళ్లలోనూ కొందరికి ఎన్ని వారాలైనా ఈ ప్రతిరక్షకం పుట్టదు. జబ్బు మాత్రం అదే జబ్బు.

ఒక చిన్న లెక్క చేద్దాం. మోనో అనుమానంతో మొదటి వారంలో 200 మంది వచ్చారనుకుందాం. వారిలో నిజంగా జబ్బున్నవారు 100, లేనివారు 100 అనుకుందాం. జబ్బు లేనివారి విషయంలో పరీక్ష ఎన్నడూ పొరబడదనుకుందాం. అప్పుడు లేని 100 మందికీ "లేదు" వస్తుంది. ఉన్నవారిలోనూ 25 మందికి "లేదు" వస్తుంది. మొత్తం "లేదు" కాగితాలు 125. అందులో తప్పుగా వచ్చినవి 25. అంటే "లేదు" అన్న కాగితం పట్టుకున్న ప్రతి ఐదుగురిలో ఒకరికి జబ్బు ఉంది!

మన కుర్రాడికి రక్తం తీసింది ఐదో రోజున. డాక్టరుగారు కాగితాన్ని ఎందుకు నమ్మలేదో ఇప్పుడు అర్థమైంది కదూ? ఆయన పరీక్షను కొట్టిపారేయలేదు. దాని బలమెంతో, బలహీనత ఎక్కడో తెలిసి చదివారు.

అసలు దోషి ఎలా దొరికాడు?

పొగను చూసి ఊహించడం కంటె నిప్పునే చూడగలిగితే మేలు. అందుకు అసలు సూక్ష్మజీవి దొరకాలి. అది దొరికిన కథ ఒక డిటెక్టివ్ కథకు తీసిపోదు.

ఆఫ్రికాలోని ఉగాండాలో పనిచేసిన డెనిస్ బర్కిట్ అనే శస్త్రవైద్యుడు, అక్కడి పిల్లల దవడల్లో వచ్చే ఒక కాన్సర్ గడ్డ గురించి 1961లో లండన్‌లో ఉపన్యసించాడు. ఆంథొనీ ఎప్‌స్టైన్ అనే శాస్త్రజ్ఞుడు అది విన్నాడు. ఈ గడ్డ వెనక ఏదైనా వైరస్ ఉందేమోనన్న ఊహ ఆయనకు కలిగింది. ఉగాండానుంచి విమానంలో తెప్పించిన గడ్డ ముక్కలతో ఏళ్లతరబడి శ్రమపడి, చివరకు ఆ కణాలను ప్రయోగశాలలో పెంచగలిగారు. 1964లో ఎప్‌స్టైన్, బెర్ట్ అచాంగ్, ఇవాన్ బార్ అనే ముగ్గురూ వాటిలో ఒక కొత్త వైరస్‌ను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసినట్టు ప్రకటించారు. దానికి ఎప్‌స్టైన్-బార్ వైరస్ అని పేరు వచ్చింది. పొట్టిగా ఇ.బి. వైరస్ అంటారు.

కాన్సర్ గడ్డలో దొరికిన వైరస్‌కూ, మన గొంతునొప్పి జ్వరానికీ సంబంధం ఏమిటి? అప్పటికి ఎవరికీ తెలియదు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో వెర్నర్ హెన్లె, గెర్‌ట్రూడ్ హెన్లె అనే శాస్త్రజ్ఞ దంపతులు ఈ వైరస్‌ను పట్టే ప్రతిరక్షకాల కోసం మనుషుల సీరాన్ని పరీక్షించే పద్ధతి తయారుచేశారు. వారి ప్రయోగశాలలోనే పనిచేసే ఒక యువతి రక్తంలో ఆ ప్రతిరక్షకాలు లేవు. 1967లో ఆమెకు జబ్బు చేసింది. జబ్బు మోనో. కోలుకుని తిరిగి పనికి వచ్చాక ఆమె రక్తం మళ్లీ పరీక్షించారు. మునుపు లేని ప్రతిరక్షకాలు ఇప్పుడు ఉన్నాయి!

ఒక్కరిని చూసి నిర్ణయానికి రాకూడదు. అది కాకతాళీయం కావచ్చు. అదృష్టవశాత్తు యేల్ విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరిన విద్యార్థుల రక్తం తీసి, సీరాన్ని గడ్డకట్టించి భద్రపరిచే ఏర్పాటు అంతకుముందే ఉంది. ఆ విద్యార్థుల్లో తరవాత కొందరికి మోనో వచ్చింది. వారి పాత సీరాన్నీ, జబ్బు తరవాతి సీరాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. జబ్బుకు ముందు ఇ.బి. వైరస్ ప్రతిరక్షకాలు లేవు. జబ్బు తరవాత ఉన్నాయి. 1968లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. మోనోకు ముఖ్య కారణం ఇ.బి. వైరస్ అని స్థిరపడింది.

ఈ కథలో మన పాఠానికి కావలసిన విషయం ఒకటుంది. ఇక్కడ రుజువుకు ఆధారమైంది ఏమిటి? పాత సీసాల్లోని "లేదు"! ఫలానా తేదీన లేదు, ఫలానా తేదీ తరవాత ఉంది అని చెప్పగలిగారు కాబట్టే రుజువైంది. తేదీ లేని "లేదు"కు విలువ తక్కువ. తేదీ ఉన్న "లేదు", తరవాతి "ఉంది"తో కలిస్తే గొప్ప సాక్ష్యం అవుతుంది.

మూడు గుర్తులు

ఇప్పుడు ఇ.బి. వైరస్‌కే చెందిన ప్రతిరక్షకాలను వెతికే పరీక్షలు ఉన్నాయి. హెటిరోఫిల్ పరీక్ష "లేదు" అన్నా అనుమానం తీరకపోతే వైద్యులు వీటిని చేయిస్తారు. వీటిలో ముఖ్యమైనవి మూడు.

వైరస్‌కు పైన ప్రోటీనుతో చేసిన ఒక కవచం ఉంటుంది. ఈ కవచాన్ని పట్టే ప్రతిరక్షకాలు రెండు రకాలు. మొదటి రకం పేరు ఐజి-ఎమ్. ఇది జబ్బు తొలిరోజుల్లో వచ్చి, మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాల్లో మాయమవుతుంది. రెండో రకం ఐజి-జి. ఇదీ జబ్బు రోజుల్లోనే కనిపిస్తుంది గాని, తరవాత జీవితాంతం నిలిచి ఉంటుంది.

మూడో ప్రతిరక్షకం పట్టుకునేది కవచాన్ని కాదు. వైరస్ సోకిన కణపు కేంద్రకంలో తయారయ్యే ఒక ప్రోటీనును పట్టుకుంటుంది. దీన్ని కేంద్రక ప్రతిరక్షకం అందాం. ఇది చాలా ఆలస్యంగా, జబ్బు మొదలైన రెండు నుంచి నాలుగు నెలలకు గాని రాదు. వచ్చాక జీవితాంతం ఉంటుంది.

ఇక ఈ మూడింటినీ కలిపి చదవండి.

మూడూ లేవు: ఈ వైరస్ ఆ మనిషికి ఇంతవరకు సోకి ఉండదు. లేదా పరీక్ష మరీ తొందరగా జరిగి ఉండాలి.

ఐజి-ఎమ్ ఉంది, కేంద్రక ప్రతిరక్షకం లేదు: ఇప్పుడే సోకింది. ఇది కొత్త జబ్బు.

ఐజి-ఎమ్ లేదు, ఐజి-జి, కేంద్రక ప్రతిరక్షకం రెండూ ఉన్నాయి: ఎప్పుడో పాత రోజుల్లో సోకి పోయింది. ఇప్పటి జ్వరానికి కారణం వేరే ఏదో వెతకాలి.

రెండో వరస మళ్లీ చదవండి. కేంద్రక ప్రతిరక్షకం "లేదు" అన్న ఫలితం జబ్బు కొత్తదని చెప్పడానికే సాయపడుతోంది! ఒక పరీక్షలో "లేదు" జబ్బును దాచింది. ఇంకో పరీక్షలో "లేదు" జబ్బును పట్టి ఇచ్చింది. మాట ఒకటే. అర్థం మాత్రం దేనికోసం వెతికామన్నదాన్ని బట్టి మారింది. కొందరిలో కేంద్రక ప్రతిరక్షకం ఎన్నటికీ పుట్టదు కాబట్టి, ఇక్కడ కూడా వైద్యుడు ఒక్క గుర్తును గాక మూడింటినీ చూస్తాడు.

ఈ పరీక్షలు అన్ని ఊళ్లలో దొరకవు. డబ్బు కూడా ఎక్కువే అవుతుంది. అటువంటి చోట కూడా అక్కరకు వచ్చే సాధనం ఒకటుంది. అదే పాత సూక్ష్మదర్శిని. ఒక్క రక్తపుబొట్టును గాజు పలక మీద పలచగా పూసి, రంగు వేసి చూస్తే తెల్లకణాలు కనబడతాయి. వాటిలో లింఫోసైట్లు అనేవి ఆరోగ్యవంతులైన పెద్దవారిలో నూటికి సుమారు 20 నుంచి 40 దాకా ఉంటాయి. మోనోలో ఇవి 50కి మించవచ్చు. అంతేగాదు, తెల్లకణాల్లో నూటికి పదో అంతకుమించో మామూలుకంటె పెద్దవిగా, ఆకారం మారి కనిపిస్తాయి. పక్కనున్న ఎర్రకణాల ఒత్తిడికి వాటి అంచులు వంగి ఉంటాయి. ఇవి వైరస్‌తో పోరాడటానికి సిద్ధమైన సైనిక కణాలు. జ్వరం, గొంతునొప్పి, బిళ్లలు, దానికి తోడు ఈ దృశ్యం ఉంటే, గొర్రె కణాలు ఏమన్నా మోనో అనుమానం గట్టిపడుతుంది.

దోషి వేరొకడైతే?

అన్ని పరీక్షలూ ఇ.బి. వైరస్ లేదన్నాయనుకోండి. అయినా రోగికి మోనో లక్షణాలే ఉన్నాయి. అప్పుడు అదే వేషం వేసుకు వచ్చే ఇతరుల కోసం వెతకాలి.

వీరిలో ముఖ్యమైనది సైటోమెగాలో వైరస్. 1965లో ఫిన్లాండ్ వైద్యులు ఇది మోనోవంటి జబ్బును కలిగిస్తుందని తెలిపారు. దీనిలో జ్వరం చాలా రోజులుంటుంది గాని, గొంతునొప్పి, బిళ్లలు అంతగా ఉండవు. ఇంకొకటి టాక్సోప్లాస్మా. ఇది వైరస్ కాదు, ఏకకణ జీవి. పిల్లుల మలంనుంచీ, సరిగా ఉడకని మాంసంనుంచీ సోకుతుంది. ఈ రెండూ గర్భిణులకు సోకితే కడుపులోని బిడ్డకు హాని కలగవచ్చు. అందుచేత వాటిని గుర్తించడం అవసరం.

హెచ్.ఐ.వి. కూడా సోకిన కొద్ది వారాల్లో ఇలాగే జ్వరం, గొంతునొప్పి, బిళ్లలతో కనిపించవచ్చు. అప్పటికి దాని ప్రతిరక్షకాలు రక్తంలో ఇంకా తయారై ఉండకపోవచ్చు. అక్కడా అదే సమస్య! అందువల్ల అనుమానం ఉంటే వైద్యులు ప్రతిరక్షకాలతోబాటు వైరస్ భాగాలనే నేరుగా వెతికే పరీక్ష చేయిస్తారు. కొన్నాళ్లాగి మళ్లీ పరీక్షిస్తారు.

గొంతులో తెల్లపూత కనబడినప్పుడు ఇంకో రెండింటిని మరవకూడదు. స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా వల్ల వచ్చే గొంతు జబ్బుకు యాంటీబయోటిక్ మందు పనిచేస్తుంది. మోనో వైరస్ మీద ఆ మందు పనిచేయదు. పైగా మోనో రోగికి ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్ వంటి మందులు ఇస్తే ఒళ్లంతా దద్దురు రావచ్చు. ఇది 1967లోనే వైద్యులు గమనించిన విషయం. రెండోది డిఫ్తీరియా, అంటే కంఠసర్పి. టీకా వల్ల బాగా తగ్గినా మన దేశంలో ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తోంది. గొంతులో బూడిదరంగు పొర గట్టిగా అతుక్కుని ఉంటే, పరీక్ష ఫలితం కోసం ఎదురుచూస్తూ కూర్చోరు. వెంటనే చికిత్స మొదలుపెడతారు. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు.

వారాలు గడిచినా బిళ్లలు తగ్గకపోతే, బరువు తగ్గిపోతూ ఉంటే క్షయ, రక్తకాన్సర్ వంటివి కావని తేల్చుకోవాలి. చూశారా! "మోనో కాదు" అన్న కాగితంతో వెతుకులాట ముగియదు. అక్కడే రెండో అధ్యాయం మొదలవుతుంది.

మళ్లీ మన కుర్రాడి దగ్గరికి

డాక్టరుగారు తండ్రిని కూర్చోబెట్టి చెప్పారు:

"ఐదో రోజున పొగ కనబడకపోవచ్చునండీ. పది రోజులాగి మళ్లీ పరీక్షిద్దాం. ఈలోగా మీవాడు ఆడకూడదు. కడుపులో ఎడమ పక్కనున్న ప్లీహం వాచి ఉంది. పల్లెల్లో బల్ల పెరిగింది అంటారే, అదే. వాచిన ప్లీహం మెత్తబడి ఉంటుంది. గట్టి దెబ్బ తగిలితే పగిలి లోపల నెత్తురు కారిపోతుంది. అలా జరగడం చాలా అరుదు. నూటికి ఒకరికి కూడా జరగదు. కాని జరిగితే ప్రాణం మీదికి వస్తుంది. కబడ్డీలో నలుగురు మీదపడి పట్టుకుంటారు కదా!"

ఇక్కడ డాక్టరుగారు చేసిన లెక్క మీరూ చేయండి. జబ్బు లేకపోయినా ఆట మాన్పిస్తే నష్టం ఒక పోటీ. జబ్బు ఉండగా ఆడనిస్తే నష్టం ప్రాణమే కావచ్చు. రెండు పొరపాట్లూ సమానం కావు. అందుకే రుజువు చేతికి రాకముందే జాగ్రత్త చెప్పారు. సాధారణంగా జబ్బు మొదలైన తరవాత కనీసం మూడు నాలుగు వారాలు, ఒకరిమీద ఒకరు పడే ఆటలు, బరువులెత్తడం వద్దంటారు.

మోనో వైరస్‌ను చంపే మందు అంటూ వాడుకలో లేదు. విశ్రాంతి, తగినన్ని నీళ్లు, జ్వరానికి పారాసిటమాల్, ఇంతే చికిత్స. పిల్లలకు ఇటువంటి వైరస్ జ్వరాల్లో ఆస్పిరిన్ ఇవ్వకూడదు. ఎక్కువమంది రెండు నుంచి నాలుగు వారాల్లో కోలుకుంటారు. నీరసం మాత్రం కొందరికి ఇంకా కొన్ని వారాలు ఉంటుంది. ఊపిరి పీల్చడం కష్టమైనా, నీళ్లు కూడా మింగలేకపోయినా, కడుపులో ఎడమపక్క హఠాత్తుగా నొప్పి పుట్టినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పది రోజుల తరవాత మన కుర్రాడి రక్తం మళ్లీ పరీక్షించారు. ఈసారి గాజు పలక మీద కణాలు ముద్దలు కట్టాయి. "ఉంది!" అప్పటికి జిల్లా పోటీలు అయిపోయాయి. వాడు లేకుండా జట్టు ఆడింది. వాడికి బాధ కలగకుండా ఎలా ఉంటుంది? కాని వచ్చే ఏడు కూతకు వెళ్లడానికి వాడున్నాడు.

కాబట్టి మీ చేతికి ఎప్పుడైనా "లేదు" అన్న పరీక్ష కాగితం వస్తే, సంతోషించే ముందు మూడు ప్రశ్నలు అడగండి. దేనికోసం వెతికారు? ఎప్పుడు వెతికారు? ఎవరిలో వెతికారు? జవాబులు మీ అంతట మీరు చెప్పుకోకండి, మీ డాక్టరుగారిని అడగండి. "కనబడలేదు" వేరు, "లేదు" వేరు. ఈ రెంటికీ ఉన్న తేడా తెలుసుకోవడం వైద్యంలోనే కాదు, విజ్ఞానశాస్త్రం అంతటిలోనూ మొదటి మెట్టు.

ఆలోచించి చెప్పండి

1. మోనో అనుమానంతో 200 మంది రెండో వారం చివర వచ్చారనుకోండి. నిజంగా జబ్బున్నవారు 100. వారిలో 5 మందికి మాత్రమే తప్పుగా "లేదు" వచ్చింది. జబ్బు లేనివారి విషయంలో పరీక్ష పొరబడలేదు. "లేదు" కాగితాలు మొత్తం ఎన్ని? వాటిలో తప్పుగా వచ్చినవి ఎన్నింట ఒకటి?

2. ఒక అమ్మాయికి కవచపు ఐజి-ఎమ్ లేదు. ఐజి-జి, కేంద్రక ప్రతిరక్షకం ఉన్నాయి. ఆమెకు ఇప్పుడొచ్చిన జ్వరం మోనో అంటారా? ఎందుచేత?

3. యేల్ విద్యార్థుల పాత సీరం దాచి ఉంచకపోతే, జబ్బు తరవాతి సీరం ఒక్కటే ఉంటే, ఇ.బి. వైరస్ మోనోకు కారణమని అంత గట్టిగా చెప్పగలిగేవారా? ప్రపంచంలో పెద్దవాళ్లలో ఎంతమందికి ఈ వైరస్ సోకి ఉంటుందో గుర్తుంచుకుని జవాబు చెప్పండి.